జువైనల్ బోర్డులో తీర్పు చెప్పేది ఎవరు? అపోహలు - వాస్తవాలు

గుంటూరు, విజయవాడల్లో పిల్లల కేసులు చూసే లాయర్‌ని. 18 ఏళ్లలోపు పిల్లల మీద పడ్డ కేసులు చూసేది జువైనల్ జస్టిస్ బోర్డు. పిల్లాడి మీద కేసు పడగానే తల్లిదండ్రులు ఎవరెవరినో అడుగుతారు. ఆ విన్న మాటలతోనే నా దగ్గరికి వస్తారు, వాటిలో చాలావరకు తప్పే.

అపోహ: "మేజిస్ట్రేట్ గారి పక్కన ఇద్దరూ ఆఫీసు స్టాఫ్."

మిర్చి యార్డులో పనిచేసే ఒక తండ్రి ఇలాగే అనుకుని, వాళ్లు అడిగినవాటికి సరిగా జవాబే చెప్పలేదు. 2015 జువైనల్ జస్టిస్ చట్టం ప్రకారం బోర్డంటే ముగ్గురూ కలిసి. కనీసం 3 ఏళ్ల అనుభవమున్న మేజిస్ట్రేట్, ఇద్దరు సామాజిక కార్యకర్తలు. ఆ ఇద్దరిలో ఒకరైనా మహిళ ఉండాలి. అభిప్రాయాలు వేరైతే మెజారిటీ మాటే చెల్లుతుంది.

అపోహ: "జడ్జికి వేరే ట్రైనింగ్ దేనికి?"

నియామకమైన 60 రోజుల్లో బోర్డులో అందరికీ, మేజిస్ట్రేట్‌తో సహా, శిక్షణ ఇప్పించాల్సిన బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిది. అదొక్కసారితో సరిపోదని నేను గట్టిగా నమ్ముతాను. తల దించుకుని నోరు విప్పని కుర్రాడు పొగరుగా కనిపించొచ్చు, నిజానికి భయంతో బిగుసుకుపోయి ఉండొచ్చు. ఆ తేడా పట్టుకోగలిగిన మనిషి అడిగే ప్రశ్నే వేరుగా ఉంటుంది.

అపోహ: "16 నిండితే పెద్దవాళ్ల కోర్టుకే."

అందరికంటే ఎక్కువ టెన్షన్ పెట్టే మాట ఇదే. కనీస శిక్ష 7 ఏళ్లు లేదా అంతకంటే ఎక్కువ ఉన్న ఘోర నేరాల్లోనే ఆ ప్రశ్న వస్తుంది. అప్పుడు కూడా బోర్డు ముందు ప్రాథమిక అంచనా వేయాలి: నేరం చేయగల మానసిక, శారీరక సామర్థ్యం ఉందా, పర్యవసానం అర్థం చేసుకోగలడా, ఏ పరిస్థితుల్లో జరిగింది? ఇది నేరం రుజువు చేసే విచారణ కాదు. లా డిగ్రీ ఎంత పెద్దదైనా పిల్లల మనసు కొలవడం దానితో రాదు. బోర్డులో చైల్డ్ సైకాలజీ లేదా సైకియాట్రీ చదివినవారు లేకపోతే అనుభవజ్ఞులైన సైకాలజిస్టుల లేదా అలాంటి ఇతర నిపుణుల సాయం తీసుకోవడం తప్పనిసరని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి మీ లాయర్‌ని మొదటి రోజే అడగండి: "మావాడిని సైకాలజిస్టు చూశారా? ఎంతసేపు మాట్లాడారు?"

ఆ అంచనా తప్పనిపిస్తే 30 రోజుల్లో సెషన్స్ కోర్టులో అప్పీలు వేయొచ్చు. అక్కడ మొదట చూసినవారు కాకుండా వేరే నిపుణుల సాయం తీసుకునే అధికారం కోర్టుకు ఉంది. ఆర్డర్ కాపీ వెంటనే తీసుకోండి.