కింది పెదవికి మత్తు: అపోహలు – వాస్తవాలు

పెదవి చిట్లి వచ్చినవాళ్లకు నోట్లో సూది వేస్తాననగానే పక్కనున్నవాళ్లు ముందుగా అడిగేది ఒకటే. "దెబ్బ ఇక్కడ తగిలితే సూది అక్కడెందుకండీ?" నోటితో చెప్పీ చెప్పీ విసుగొచ్చింది, అందుకే రాస్తున్నాను.

అపోహ: దెబ్బ తగిలిన చోటే మత్తు ఇవ్వాలి, అప్పుడే పనిచేస్తుంది.

కింది పెదవిలో, గడ్డంలో నొప్పిని మోసుకెళ్లేది మెంటల్ నర్వ్. అది దవడ ఎముకలోంచి బయటపడే రంధ్రం చాలామందిలో ప్రీమోలార్ల (కోరపన్ను వెనకుండే రెండు చిన్న పళ్ల) వేళ్ల కిందుగా ఉంటుంది. పెదవిని బయటికి లాగి, చిగురూ పెదవీ కలిసే మడతలో, ఆ పళ్ల ఎదురుగా, 27 లేదా 30 గేజ్ సన్నటి సూదితో 1–2 మి.లీ. లిగ్నోకైన్ అనే మత్తుమందు వదిలితే 5–10 నిమిషాల్లో ఆ పక్క పెదవి, దాని లోపలి పొర, గడ్డం మీది చర్మం మొద్దుబారతాయి. గాయం జోలికి పోనక్కర్లేదు.

పోకూడదు కూడా. పెదవి మెత్తన. మందు ఎక్కించగానే ఉబ్బుతుంది. ఎరుపూ చర్మమూ కలిసే సన్నటి గీత ఆ ఉబ్బులో చెదిరిపోతుంది. మందులో రక్తనాళాల్ని బిగించే అడ్రినలిన్ ఉంటే చుట్టూ తెల్లగా పాలిపోయి, గీత ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది. ఇక అందాజుగా కుట్టడమే. వాపు దిగాక చూస్తే గీత మెట్టులా విరిగి ఉంటుంది. 1 మిల్లీమీటరు తేడా వచ్చినా ఎదురుగా కూర్చుని మాట్లాడేవాళ్ల చూపు అక్కడే ఆగుతుంది. మచ్చ కాలంతో పాటు మాసిపోతుంది గానీ, తప్పుగా కలిసిన గీత తనంతట తాను సర్దుకోదు.

ఒకమ్మాయి "ఈ మచ్చ తీసేయండి డాక్టర్" అంటూ వచ్చింది. మచ్చ నిజానికి సన్నగా, బాగానే మానింది. గీతే కలవలేదు. చిన్నప్పుడు కుట్లు వేసే రోజున "నోట్లో సూది వద్దు, దెబ్బ మీదే ఇచ్చేయండి" అని వాళ్ల నాన్నగారు పట్టుబట్టారట. బిడ్డ ఏడుస్తుంటే ఏ తండ్రైనా అలాగే అంటాడు, ఆయన్ని తప్పుపట్టలేను. కానీ ఇప్పుడు ఆ చోటే మళ్లీ కోసి కలపాల్సి వచ్చింది. సూది ముట్టకముందే గీతకు రెండు వైపులా పెన్నుతో చుక్కలు పెట్టాను. మడతలో మత్తు జెల్ రాసి, కాసేపు ఆగి, పెదవిని వేళ్లతో ఊపుతూ మందు మెల్లగా వదిలాను. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకుని ఉంది పాపం. "ఇంకా ఎంతసేపట్లో వేస్తారు?" అని అడిగింది. అప్పటికే సిరంజి ట్రేలో ఉంది. మొదటి కుట్టు ఆ రెండు చుక్కల్నీ కలుపుతూ పడింది, మిగతావన్నీ ఆ తర్వాతే.

కొత్తగా చేస్తున్నవాళ్లకు రెండు మాటలు. గాయం నడిమికి దగ్గరగా ఉంటే రెండు పక్కలా బ్లాక్ (నరం దగ్గర ఇచ్చే ఈ మత్తు) ఇవ్వండి. అవతలి నరం కొమ్మలు ఇటు కూడా వస్తాయి. రంధ్రంలోకి సూది దూరిస్తేనే బాగా పట్టుతుందన్న మాట ఎవరు పుట్టించారో గానీ, దానివల్ల నరం దెబ్బతినొచ్చు. దగ్గర్లో వదిలితే చాలు. షాక్ కొట్టినట్టుందని పేషెంట్ అంటే సూది కాస్త వెనక్కి తీయండి. మందు వదిలే ముందు ఆస్పిరేట్ చేయడం, అంటే సిరంజిని వెనక్కి లాగి రక్తం వస్తుందేమో చూడటం, మరవద్దు.

"మూతి వంకర పోతుందట." పోదు. ఇది స్పర్శ నరం. పెదవిని కదిలించేది ఫేషియల్ నర్వ్. వేలాడిపోతున్నట్టు అనిపిస్తే అద్దం అడగండి, ఇస్తాం.

"ఈ మందు నాకు పడదు." లిగ్నోకైన్‌కు నిజమైన అలర్జీ చాలా అరుదు. ఎక్కువసార్లు జరిగేది అడ్రినలిన్‌తో గుండెదడ, లేదంటే భయంతో కళ్లు తిరగడం. అయినా దాచకండి. అప్పుడు దద్దుర్లు వచ్చాయా, ఊపిరి ఆడలేదా, ఏం జరిగిందో చెప్తే దాన్నిబట్టి చూస్తాం.

"మత్తెక్కితే ఏమీ తెలియదు." లాగుతున్నట్టు, నొక్కుతున్నట్టు తెలుస్తూనే ఉంటుంది. చురుక్కుమంటే మాత్రం చెయ్యెత్తండి, ఇంకొంచెం ఇస్తాం. ఓర్చుకోవాల్సిన పని లేదు.

పిల్లలతో ఇంకో తంటా ఉంది. 2–3 గంటలు తిమ్మిరిగా ఉండే పెదవిని సరదాగా కొరుకుతారు. మర్నాటికి అది వాచి, తెల్లటి పొర కడుతుంది. చీము పట్టిందని కంగారుగా తీసుకొస్తారు. చాలావరకు అది చీము కాదు, పంటిగాటు. తిమ్మిరి వదిలేదాకా ఏమీ తిననివ్వకండి, పక్కనే ఉండి చూస్తుండండి.

మర్నాటికీ తిమ్మిరి వదలకపోతే ఫోన్ చేయండి. నరం కాస్త నలిగితే కొన్ని వారాలు పట్టొచ్చు, చాలామందిలో తిరిగొస్తుంది. కానీ ఏ సూదీ, ఏ దెబ్బా లేకుండా గడ్డం ఒక పక్క మొద్దుబారితే మాత్రం బలహీనత అనుకుని విటమిన్ మాత్రలతో సరిపెట్టకండి. ఒక్కోసారి దవడలోని ఇన్ఫెక్షనో, వేరే చోటి నుంచి పాకిన క్యాన్సరో మొదట అలాగే బయటపడుతుంది. ఆ వారంలోనే చూపించుకోండి.