పోర్షె 911: వెనక చక్రం ఎటు తిరగాలి?

వేగంగా మలుపు తిరుగుతున్న కారులో ఏదో తేడాగా అనిపిస్తే మనిషి చేసే మొదటి పని యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయడం. ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. భయం వేస్తే కాలు దానంతటదే లేస్తుంది. మామూలు కార్లలో దానివల్ల పెద్దగా నష్టం లేదు. కానీ 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో తొలిసారి కనిపించిన పోర్షె 911లో, చాలా ఏళ్లపాటు, మలుపు మధ్యలో చేయకూడని పని అదే. కాలు తీయగానే వెనక భాగం బయటికి విసురుకునేది. డ్రైవరు చెయ్యి తిరిగినవాడు కాకపోతే కారు గిర్రున తిరిగిపోయేది.

ఈ గుణాన్ని మార్చడానికి దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది. చక్రాలని బాడీకి కలిపే స్ప్రింగులు, లింకుల (కలిపే కడ్డీల) ఏర్పాటునే సస్పెన్షన్ అంటారు. అది ఎంత బిగుతుగా ఉంటే కారు అంత బాగా మలుపు తిరుగుతుందని మనలో చాలామంది అనుకుంటాం. కారు ఎత్తు తగ్గించి, గట్టి స్ప్రింగులు వేయించేవాళ్ల నమ్మకం కూడా ఇదే. 911 కథ మాత్రం వేరే మాట చెబుతుంది. అందుకే నాకు ఈ కథ ఇష్టం.

మొదట టైరు సంగతి చూడాలి. ఇంత ఖరీదైన కారు రోడ్డుని తాకేది నాలుగే నాలుగు చోట్ల, ఒక్కో చోట సుమారు అరచేయంత మేర. స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, లింకులు అన్నీ పనిచేసేది ఆ నాలుగు చోట్ల పట్టు నిలపడానికే. టైరుకి ఒక విచిత్రమైన స్వభావం ఉంది. మీద పడే బరువు పెరిగితే దాని పట్టూ పెరుగుతుంది గానీ, అదే నిష్పత్తిలో పెరగదు. లెక్క కోసం ఒక ఉదాహరణ అనుకుందాం. 400 కిలోల బరువు మోస్తున్న టైరు పక్కకి 400 కిలోల పట్టు ఇస్తోంది. రెండు టైర్లకి కలిపి 800. మలుపులో లోపలి టైరు మీంచి 200 కిలోలు బయటి టైరు మీదికి మారాయి. ఇప్పుడు 600 మోస్తున్న టైరు 560 ఇస్తుంది, 200 మోస్తున్నది 210 ఇస్తుంది. మొత్తం 770. బరువు ఒక్క గ్రాము పెరగలేదు, పట్టు మాత్రం తగ్గింది.

ఇలా బరువు పక్కకి మారడాన్ని ఏ స్ప్రింగూ ఆపలేదు. ఎంత మారుతుందన్నది కారు బరువు, గురుత్వ కేంద్రం ఎత్తు, ఎడమ కుడి చక్రాల మధ్య దూరం, మలుపు తిరిగే వేగం మీద ఆధారపడుతుంది. గట్టి స్ప్రింగులు, లావు యాంటీ రోల్ బార్లు (ఎడమ కుడి చక్రాలని కలుపుతూ కారు పక్కకి ఒరగడాన్ని తగ్గించే కడ్డీలు) ముఖ్యంగా చేసేది, ఆ మారే బరువులో ముందు టైర్ల వాటా ఎంత, వెనక టైర్ల వాటా ఎంత అని పంచడం. ముందు బారు లావుగా వేస్తే ముందు టైర్ల పట్టు తగ్గి, కారు మలుపులోకి తిరగనని మొరాయిస్తుంది. వెనక బారు లావుగా వేస్తే వెనక భాగం జారుతుంది. కాబట్టి ఒకచోట బిగిస్తే ఇంకోచోట ఫలితం కనబడుతుంది.

911లో ఇంజను వెనక ఇరుసుకీ వెనకాల ఉంటుంది. కారు బరువులో దాదాపు 60 శాతం వెనక చక్రాల మీదే. యాక్సిలరేటర్ నొక్కి మలుపులోంచి బయటికి దూసుకెళ్లేటప్పుడు ఇది వరం. కాలు తీస్తేనే చిక్కు. బరువు ముందుకి మారి ముందు టైర్లకి పట్టు పెరుగుతుంది, వెనక టైర్లకి తగ్గుతుంది. చివర వేలాడుతున్న ఇంజను ఒకసారి పక్కకి కదలడం మొదలుపెడితే దాన్ని ఆపడానికి వెనక టైర్ల శక్తి చాలదు.

తొలినాళ్ల వైద్యం చాలా మొరటుగా ఉండేది. కొన్ని కార్లలో ముందు బంపరు మూలల్లో పోత ఇనుము దిమ్మలు పెట్టారు. తేలిక కోసం తపించే స్పోర్ట్స్ కారులో ఇనుము నింపాల్సి వచ్చిందంటే సమస్య ఎంత పెద్దదో ఊహించుకోవచ్చు. తర్వాత 1969 మోడల్‌కి వెనక చక్రాలను 57 మిల్లీమీటర్లు వెనక్కి జరిపారు. కారు చాలా కుదురుకుంది, కానీ మూలకారణం అలాగే ఉండిపోయింది.

ఆ కారణం రబ్బరు ముక్కల్లో దాగుంది. సస్పెన్షన్ చేతులు కారు బాడీకి కలిసే చోట రబ్బరు బుష్‌లు ఉంటాయి. రేసు కార్లలో వాటి బదులు లోహపు కీళ్లు వాడతారు. విలాసవంతమైన కారులో అలా చేస్తే రోడ్డు మీది ప్రతి గరుకూ మోతై లోపలికి వస్తుంది. రబ్బరు ఉండాలి, ఉంటే నొక్కుకుంటుంది. కాలు తీసినప్పుడు ఇంజను చక్రాన్ని ఆపబోతుంది, దాంతో రోడ్డు చక్రాన్ని వెనక్కి లాగుతుంది. బుష్‌లు నొక్కుకుని సస్పెన్షన్ చెయ్యి కాస్త మెలిపడుతుంది, చక్రం ముందు అంచు బయటివైపు తిరుగుతుంది. తిరిగేది డిగ్రీలో చిన్న భాగమే. కానీ మలుపులో ఎక్కువ బరువు మోస్తున్న బయటి వెనక చక్రం అలా తిరిగితే కారు తోకను తనే బయటికి నడిపిస్తుంది. అప్పటికే పట్టు సన్నగిల్లిన క్షణంలో ఇది జరుగుతుంది. వీల్ అలైన్‌మెంట్ షాపులో తెర మీద 'టో' అని కనిపించే కోణం ఇదే. అక్కడ కారు కదలకుండా నిలబడి ఉండగా కొలుస్తారు, ఇక్కడ అది పరుగులో మారిపోతోంది.

స్టుట్‌గార్ట్ దగ్గర వైసాక్‌లో ఉన్న పోర్షె పరిశోధన కేంద్రం దీన్ని 1970లలో పట్టుకుంది. ఓపెల్ అడ్మిరల్ అనే పెద్ద కారు తీసుకుని, వెనక చక్రాల కోణం మార్చగలిగేలా తయారుచేసి, ఆ కొద్ది తిరుగుడు కారు నడకని ఎంత మారుస్తుందో పరీక్షించారు. దాన్నుంచి పుట్టిందే 1977లో పోర్షె 928లో వచ్చిన వైసాక్ ఇరుసు. రబ్బరు నొక్కుకోకుండా ఆపాలనే ఆలోచన వదిలేసి, నొక్కుకున్నప్పుడు చక్రం ఎటు తిరగాలో వాళ్లు నిర్ణయించారు. సస్పెన్షన్ చేతి ముందు కీలుని నేరుగా బాడీకి బిగించకుండా ఒక పొట్టి లింకు మీద పెట్టారు. చక్రం వెనక్కి లాగబడితే ఆ లింకు కదిలి, చక్రం ముందు అంచుని లోపలివైపు తిప్పుతుంది. అంటే డ్రైవరు భయపడి కాలు తీసిన క్షణంలోనే వెనక చక్రాలు కారుని నిలబెట్టే దిశకి తిరుగుతాయి. సెన్సార్లు, మోటార్లు, కంప్యూటర్ ఏమీ లేవు. ప్రమాదాన్ని తెచ్చిపెట్టిన బలమే అక్కడ కాపలా కాస్తుంది. ఇంజనీరింగ్‌లో ఇంతకన్నా అందమైన ఆలోచనలు అరుదని నా అభిప్రాయం.

మరి 911కి ఇది వెంటనే ఎందుకు అందలేదు? అప్పట్లో 911 స్థానాన్ని 928 తీసుకుంటుందని కంపెనీ అనుకుంది. 1981లో సంస్థ పగ్గాలు చేపట్టిన పీటర్ షుట్జ్ 911ని కొనసాగించాలని నిర్ణయించాడు. కారు బతికింది, వెనక సస్పెన్షన్ మాత్రం ఇంకా పాతదే. 1989లో వచ్చిన 964 అనే 911 తరంలో టార్షన్ బార్ల (మెలిపడి స్ప్రింగులా పనిచేసే కడ్డీల) బదులు చుట్ట స్ప్రింగులు వచ్చాయి. అసలు మార్పు 1993లో వచ్చిన 993 తరంలో జరిగింది. 989 అనే నాలుగు తలుపుల కారు కోసం మొదలుపెట్టిన సస్పెన్షన్, ఆ కారు రద్దయ్యాక 911కి దక్కింది. ఇందులో ఒక్కో చక్రాన్ని అనేక లింకులు పట్టుకుంటాయి. అవన్నీ ఒక అల్యూమినియం చట్రానికి, ఆ చట్రం రబ్బరు మీద బాడీకి. దాంతో మోత తగ్గింది, తోక ఊపడమూ తగ్గింది. సుఖానికీ అదుపుకీ మధ్య ఒకటి వదులుకోక తప్పదన్న వాదన ఈ కారు దగ్గర నిలబడదు.

2013లో 911 జీటీ3కి మోటార్లతో తిరిగే వెనక చక్రాలు వచ్చాయి. గంటకి 50 కిలోమీటర్ల లోపు అవి ముందు చక్రాలకి వ్యతిరేక దిశలో, 80 దాటాక అదే దిశలో తిరుగుతాయి. వైసాక్‌లో లింకుతో చేసిన పనిని ఇక్కడ కంప్యూటర్ చేస్తోంది, ఇంకాస్త విస్తారంగా.

ఇప్పుడు పాత 993 కొనుక్కుని బాగుచేయించేవాళ్లు చాలామంది మొదట స్ప్రింగులు మార్చి, కారుని కిందికి దించుతారు. దించగానే లింకుల కోణాలన్నీ మారతాయి. అందుకే ఆ కారు వెనక చక్రాలకి మామూలు టో, క్యాంబర్ (చక్రం నిలువు నుంచి పక్కకి ఒరిగే కోణం) సరిచేస్తే సరిపోదు. చక్రం పైకీ కిందికీ కదిలేటప్పుడు టో ఎంత మారుతోందన్నది కూడా ప్రత్యేక పరికరంతో కొలిచి సర్దాలి. గట్టిబడి పగిలిన రబ్బరు బుష్‌లు ఉంటే ఆ సర్దుబాటు కూడా నిలవదు. స్ప్రింగుల జోలికి వెళ్లేముందు ఆ బుష్‌లను మార్పించాలి.