డయాలసిస్ పేషెంట్ల గుండె: పాత లెక్కలు ఎందుకు పారవు?

1960 మార్చిలో, అమెరికాలోని సియాటిల్‌లో, క్లైడ్ షీల్డ్స్ అనే రోగి చేతికి డాక్టర్ బెల్డింగ్ స్క్రిబ్నర్ బృందం ఒక చిన్న గొట్టం అమర్చింది. దాంతో ప్రతిసారీ రక్తనాళాన్ని కోయకుండానే ఆయనకు మళ్లీ మళ్లీ డయాలసిస్ చేసే వీలు కలిగింది. కిడ్నీలు పూర్తిగా పాడైన ఆ మనిషి ఆ తర్వాత 11 ఏళ్లు బతికాడు. 1971లో ఆయన్ని తీసుకుపోయింది గుండెపోటు.

డయాలసిస్ పేషెంట్లలో నేటికీ అన్నిటికన్నా ఎక్కువ ప్రాణాలు తీస్తున్నది గుండె జబ్బే. అందులోనూ హఠాత్తుగా గుండె ఆగిపోవడం. మరి ఎవరికి ముప్పు ఎక్కువో ముందే కనిపెట్టలేమా?

మామూలు జనానికైతే వయసు, బీపీ, కొలెస్టరాల్, షుగర్, పొగతాగే అలవాటు చూసి లెక్క కడతారు. డయాలసిస్ దగ్గరికొచ్చేసరికి ఈ లెక్క తలకిందులవుతుంది. కొలెస్టరాల్ తక్కువగా ఉన్నవాళ్లే ఎక్కువగా చనిపోతున్నట్టు పరిశీలనల్లో కనిపించింది. బీపీ, బరువు తక్కువున్నవాళ్ల విషయంలోనూ దాదాపు ఇదే కథ. అలాగని కొలెస్టరాల్ మంచిదని కాదు. తిండి ఒంటబట్టక, లోపల వాపు ఆరక మనిషి చిక్కిపోతుంటే కొలెస్టరాల్ కూడా పడిపోతుంది. గుండె బలహీనపడినా బీపీ తగ్గుతుంది. రిపోర్టులో అంకె ‘బాగుంది’ అంటే ఒక్కోసారి ఒంట్లో బాగాలేదని అర్థం!

2005లో వెలువడిన జర్మన్ పరిశోధన ఈ చిక్కును ఇంకా స్పష్టం చేసింది. డయాలసిస్‌లో ఉన్న 1255 మంది షుగర్ పేషెంట్లలో కొందరికి కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మందు ఇచ్చారు. కొలెస్టరాల్ బాగానే తగ్గింది. గుండె మరణాలు, గుండెపోట్లు, పక్షవాతం మాత్రం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు.

ఇక్కడ గుండెను దెబ్బతీసేది రక్తనాళాల్లో పేరుకునే కొవ్వు ఒక్కటే కాదు. గుండె గోడలు మందమవుతాయి, కాల్షియం పేరుకుని నాళాలు గట్టిపడతాయి. రక్తపరీక్షలో గుండెపోటును పట్టిచ్చే ట్రోపోనిన్ అనే ప్రోటీన్ కూడా చాలామందిలో ఏ పోటూ లేకుండానే ఎప్పుడూ ఎక్కువగా ఉంటుంది. అయితే దాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం: అది ఎంత ఎక్కువుంటే మున్ముందు ముప్పు అంత ఎక్కువ.

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించింది క్యాలెండర్. వారానికి మూడుసార్లు డయాలసిస్ అంటే, మధ్యలో ఒకసారి రెండు రోజుల విరామం తప్పదు. ఆ రెండు రోజుల్లో నీరు చేరుతుంది, పొటాషియం పెరుగుతుంది. 2011లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనం, ఈ పెద్ద విరామం మర్నాడు గుండె మరణాల రేటు 100 మందికి ఏడాదికి 10.2 లెక్కన ఉందని, మిగతా రోజుల్లో అది 7.5 మాత్రమేనని చూపింది. మనిషి అదే, జబ్బూ అదే, మారింది రోజు. ఏడాదికోసారి వేసే ముప్పు లెక్కకు ఇది ఎలా అందుతుంది?

చర్మం కింద చిన్న రికార్డర్ అమర్చి నెలల తరబడి గమనించిన పరిశోధనల్లో మరో సంగతి బయటపడింది. గుండె అదుపు తప్పి పరుగెత్తడం కన్నా, నెమ్మదించి ఆగిపోవడమే ఎక్కువగా కనిపించింది, అదీ పెద్ద విరామం చివర్లో. పరుగెత్తే గుండెకు షాకిచ్చి దారిలో పెట్టే పరికరాన్ని ముందుజాగ్రత్తగా అమర్చి చూసిన ట్రయల్‌లో డయాలసిస్ పేషెంట్లకు మేలు కనబడకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.