వలస కార్మికుల దగ్గర ఫీల్డ్‌వర్క్: అపోహలు, వాస్తవాలు

ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) విద్యార్థులు ఫీల్డ్‌వర్క్ కోసం వలస కార్మికుల సహాయ కేంద్రాలకు వస్తుంటారు. హైదరాబాద్‌కు పడమటి వైపున్న అలాంటి ఒక కేంద్రంలో వాళ్ళ పని చూసుకునే బాధ్యత నాది. కోకాపేట, నార్సింగిలో టవర్లు కట్టే ఒడిశా, బిహార్, ఛత్తీస్‌గఢ్ కూలీలు, సిటీ శివార్లలో ఇటుక బట్టీల మీద బతికే పశ్చిమ ఒడిశా కుటుంబాలు మా దగ్గరికి వస్తాయి. విద్యార్థుల్లో తెలివికి, ఓపికకు లోటుండదు. కానీ కొన్ని నమ్మకాలను మొదటి వారంలోనే వదిలించుకోవాలి. లేకపోతే నష్టపోయేది కార్మికుడే.

అపోహ: మంచి మనసుంటే చాలు, మిగతాది చేస్తుంటే అదే వస్తుంది.

వాస్తవం: మనసు ఉండాల్సిందే. కానీ పరంజా మీంచి పడి కాలు విరిగినవాడికి ఓదార్పుతో పాటు కాగితాలూ కావాలి. చాలాసార్లు జరిగేదేమిటంటే, మేస్త్రీ ఆసుపత్రి బిల్లు కట్టి, చేతిలో కొంత డబ్బు, ఊరికి రైలు టికెట్ పెట్టి, ఓ కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటాడు. "అంతా సెటిల్ అయిపోయింది మేడమ్, రాసిచ్చేశాడు" అంటాడు. విద్యార్థి అది నిజమే అనుకుని తిరిగొస్తుంది. పరిహారం హక్కు వదులుకుంటున్నట్టు ఎవరు ఏం రాయించుకున్నా చెల్లదు. ఇది 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం నుంచీ ఉన్న నియమం. మేస్త్రీ చేతులెత్తేసినా, అతనికి పని అప్పగించిన కంపెనీ బాధ్యత ఎక్కడికీ పోదు.

కాబట్టి ఆ రోజు పని వేరు. సైటు గేటు దగ్గరి బోర్డు ఫొటో తీయాలి, బిల్డరు పేరు అక్కడే దొరుకుతుంది. ఆసుపత్రి చీటీలన్నీ కాపీ చేసుకుని, మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు తెలియజేయాల్సిన కేసుగా, రాశారో లేదో చూడాలి. పక్కన పనిచేసిన ఇద్దరి పేర్లు, వాళ్ళ ఇంటివాళ్ళ ఫోన్ నంబర్లు రాసుకోవాలి, ఎందుకంటే ఇక్కడి సిమ్ములు మారిపోతూ ఉంటాయి. హాజరీ పుస్తకంలో అతని పేజీ దొరికితే మంచిది. దొరక్కపోతే మేస్త్రీ ఫోన్‌పేలో కూలి వేసిన స్క్రీన్‌షాట్లు కూడా అతను అక్కడ పనిచేశాడని చూపిస్తాయి. ఇదంతా అతను రైలెక్కేలోపు జరగాలి. ఊరెళ్ళాక కూడా కేసు వేయొచ్చు, కానీ సాక్ష్యం సంపాదించడం చాలా కష్టం. లాయరు ఖర్చు గురించి టెన్షన్ అక్కర్లేదు. 15100కు ఫోన్ చేస్తే న్యాయ సేవల సంస్థ వాళ్ళు దారి చూపిస్తారు. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు.

అపోహ: వీళ్ళు ఇక్కడివాళ్ళు కాదు, కాబట్టి ఇక్కడ రేషన్ రాదు, బడిలో సీటు రాదు.

వాస్తవం: సొంత రాష్ట్రంలో ఆహార భద్రత కార్డులో పేరుండి, ఆధార్ లింక్ అయి ఉంటే ఇక్కడి రేషన్ షాపులోనూ వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. ఇంటి దగ్గరున్నవాళ్ళు తమ వాటా అక్కడ, ఇక్కడున్నవాళ్ళు తమ వాటా ఇక్కడ తీసుకునే వీలుంది. డీలర్ "మీది వేరే స్టేట్" అని పంపేస్తే విద్యార్థి పక్కన నిలబడి ఒక్కసారి మెషీన్‌లో కార్డు నంబరు కొట్టించాలి.

బడి సంగతి కూడా అంతే. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు టీసీ లేదని, పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదని అడ్మిషన్ నిరాకరించకూడదు. బట్టీ పిల్లలు విద్యా సంవత్సరం మధ్యలో దిగుతారు కాబట్టి ఈ మాట హెడ్మాస్టర్‌కు గౌరవంగా, చట్టం కాపీతో చెప్పగలగాలి.

అపోహ: అడ్వాన్స్ తీసుకున్నారు కదా, అది తీరేదాకా పనిచేయాల్సిందే.

వాస్తవం: చదువుకున్నవాళ్ళ నోటి నుంచి ఈ మాట విన్నప్పుడు నాకు నిజంగా బాధేస్తుంది. పశ్చిమ ఒడిశాలో నువాఖాయ్ పండగ అయ్యాక సర్దార్లు (కూలీలను కుదిర్చే దళారులు) కుటుంబాలకు అడ్వాన్స్ ఇచ్చి బట్టీలకు తీసుకొస్తారు. అడ్వాన్స్ ఇవ్వడమే నేరం కాదు. ఆ బాకీ చూపించి కదలనీయకపోవడం, వేరే పనికి వెళ్ళనీయకపోవడం, కనీస వేతనం కూడా ఇవ్వకపోవడం వెట్టిచాకిరీ కిందికి వస్తుంది. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం అలాంటి అప్పును రద్దు చేసింది. వెట్టి నుంచి విడుదలైనట్టు విముక్తి పత్రం ఇచ్చే అధికారం జిల్లా యంత్రాంగానిది, పునరావాస సాయానికి ఆ పత్రం చాలా ముఖ్యం.

విద్యార్థులకు ఒక్క హెచ్చరిక. ఒంటరిగా బట్టీకి వెళ్ళి ఓనర్‌ను నిలదీయకండి. మీరు అటు తిరగగానే ఆ కుటుంబాన్ని ఇంకో బట్టీకి మార్చేయగలరు. చూసింది అదే సాయంత్రం సూపర్‌వైజర్‌కు రాసివ్వండి.

అపోహ: హిందీ వస్తే సరిపోతుంది.

వాస్తవం: పశ్చిమ ఒడిశాలోని బలాంగీర్ నుంచి వచ్చిన ఆడవాళ్ళలో చాలామందికి హిందీ అంతంతమాత్రం. దుబాసీని వెతకండి, కానీ మేస్త్రీ మనిషిని పెట్టుకోవద్దు. చిన్నపిల్లల చేత వాళ్ళ అమ్మ కష్టాలు చెప్పించవద్దు.

అపోహ: రికార్డింగులు (ఫీల్డ్‌వర్క్‌లో చూసింది, విన్నది రాసే నివేదికలు) మార్కుల కోసం రాసేవి.

వాస్తవం: "కార్మికుడు చాలా బాధలో ఉన్నాడు" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. "నార్సింగి సైటులో మూడు వారాల కూలి బాకీ, ఆదివారం ఇస్తానని మేస్త్రీ ఇద్దరి ముందు అన్నాడు" అని రాస్తే లేబర్ ఆఫీసులో పనికొస్తుంది. పేర్లు, ఫొటోలు మాత్రం ఫైలు దాటకూడదు. ఇన్‌స్టాలో, వాట్సాప్ స్టేటస్‌లో అసలు వద్దు.

సెమిస్టర్ చివర ఆ ఫైలు తర్వాతి విద్యార్థి చేతికి వస్తుంది. దరఖాస్తు ఏ ఆఫీసులో ఉంది, మళ్ళీ ఎప్పుడు వెళ్ళాలి, కార్మికుడికి ఎవరు ఫోన్ చేస్తారు, ఈ మూడూ మొదటి పేజీలోనే రాయాలి. ఆ కొత్త మనిషి పేరు కార్మికుడికి కూడా ముందే చెప్పాలి.