నడిచొచ్చినవాళ్లకు పింఛనా? ఎంఎస్ బాధితుల భయం వెనుక ఉన్న కథ

దివ్యాంగుల పింఛన్ల తనిఖీ మాట వినబడితే చాలు, నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) అనే నరాల జబ్బు ఉన్నవాళ్ల ఇళ్లలో పాత ఫైళ్లు బీరువాల్లోంచి బయటికొస్తాయి. 2025 జనవరిలో మొదలైన పునఃపరిశీలన అదే ఏడాది ఆగస్టులో అనర్హత నోటీసుల దాకా వచ్చింది. గొడవ జరిగింది, అప్పీళ్లకు దారి తెరిచారు. తేలకుండా మిగిలిన ప్రశ్న ఒక్కటే. తన కాళ్ల మీద తాను తనిఖీ క్యాంపుకు వచ్చిన మనిషిని దివ్యాంగుడని ఎలా అంటారు? ఈ ప్రశ్న వేరే సమస్యలున్నవాళ్లకూ ఎదురవుతుంది. ఎంఎస్ ఉన్నవాళ్లకు మాత్రం ఇది వాళ్లు ఒకరికొకరు తోడుగా, వ్యాయామం కోసం నెలనెలా కూడే చోటి దాకా వెంటపడుతుంది. వ్యాయామానికి వెళ్తే ఎవరైనా ఫొటో తీసి "బాగానే ఉన్నాడుగా" అంటారేమోనన్న భయంతో ఇంట్లోనే ఉండిపోతే, ఆ కాళ్లు నిజంగానే బిగుసుకుపోతాయి.

ఈ జబ్బులో ఏం జరుగుతుందో, మెదడు, వెన్నుపాముల్లోని నరాల పొరను ఒంటిలోని రక్షణ వ్యవస్థే ఎలా దెబ్బతీస్తుందో చాలాసార్లు రాశారు. ఇవాళ్టి తగువు అర్థం కావాలంటే రెండు తేదీలు చాలు: 2017 ఏప్రిల్ 19, 2018 జనవరి 4.

మొదటి తేదీన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం అమల్లోకి వచ్చింది. అంతకుముందున్న 1995 చట్టం గుర్తించినవి ఏడు వైకల్యాలే, అందులో ఎంఎస్ లేదు. కాలు చచ్చుబడితే 'శారీరక వైకల్యం' కింద, చూపు పోతే 'అంధత్వం' కింద దరఖాస్తు పెట్టుకోవడమే దారి. వైకల్య ధ్రువపత్రాలిచ్చేందుకు ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన సదరం విధానం కూడా ఆ పాత చట్టం ఉన్న రోజుల్లో పుట్టిందే. అంటే మనిషికి జబ్బు ఒకటే అయినా క్యాంపులో ఏదో ఒక అవయవం పేరుతో వరుసలో నిలబడాల్సి వచ్చేది. కొత్త చట్టం వైకల్యాల సంఖ్యను 21కి పెంచింది. దీర్ఘకాలిక నాడీ సమస్యల కింద పార్కిన్సన్స్‌తో పాటు మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరు స్పష్టంగా రాసింది. 1985లో ముంబైలో మొదలైన మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియాకూ, దాని చెన్నై, హైదరాబాద్ శాఖల చుట్టూ తిరిగిన కుటుంబాలకూ ఇది నిజమైన గెలుపే.

ఆ గెలుపును సగానికి కోసింది రెండో తేదీ. వైకల్య శాతాలు ఎలా కట్టాలో చెప్పే మార్గదర్శకాలు ఆ రోజు వచ్చాయి. నాడీ సమస్యల్లో కొలవాల్సింది జబ్బును కాదు, అది ఒంట్లో మిగిల్చిన నష్టాన్ని అన్నది వాటి ఆధార సూత్రం. సూత్రంగా చూస్తే తప్పు పట్టలేం. ఎంఆర్‌ఐలో పది మచ్చలున్నా హాయిగా తిరిగేవాళ్లు ఉంటారు, రెండే మచ్చలతో మంచాన పడ్డవాళ్లూ ఉంటారు. చిక్కల్లా ఆ నష్టాన్ని ఏ పూట, ఎన్ని చోట్ల కొలుస్తారన్నదే. పింఛనుకైనా ఇతర లబ్ధికైనా గీత 40 శాతం దగ్గర ఉంది. ఒకరికి కాళ్ల బలహీనత 30 శాతమనుకుందాం. గతంలో కంటి నరం వాచి చూపు తగ్గింది, దానికి 20 శాతం. ఒకటికి మించి లోపాలున్నప్పుడు వాటిని ఊరికే కూడరు. పెద్ద అంకెను 90లోంచి తీసేసి, మిగిలినదాన్ని చిన్న అంకెతో గుణించి, 90తో భాగించి, వచ్చినదాన్ని పెద్ద అంకెకు కలుపుతారు. ఇక్కడ 90లోంచి 30 పోతే 60, దాన్ని 20తో గుణించి 90తో భాగిస్తే 13.3, మొత్తం 43.3. ఆ మనిషిని ఎముకల డాక్టరు ఒక్కరే చూసి పంపేస్తే 30 దగ్గర ఆగిపోతాడు, కంటి డాక్టరు కూడా చూస్తే గీత దాటుతాడు. ఎంఎస్ విషయంలో 'అనర్హత' అన్న మాట వెనుక మొదట వెతకాల్సింది ఈ లెక్కనే. మూత్రం ఆపుకోలేకపోవడం, చేతి వణుకు, మాట తడబడటం లాంటివి కూడా అడిగితేనే బయటపడతాయి. బల్ల ముందు నిలబడ్డ ఆ ఐదు నిమిషాల్లో సిగ్గుపడి చెప్పనివాళ్లు చాలామంది.

ఇక పూట సంగతి. 1890లో విల్‌హెల్మ్ ఊట్‌హాఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు, ఎంఎస్ రోగుల్లో కొందరికి శ్రమపడగానే చూపు మసకబారి, విశ్రాంతితో మళ్లీ తేరుకోవడం గమనించాడు. అసలు కారణం ఒంటి వేడి పెరగడమని తర్వాత తేలింది. పొర పోయిన నరంలో సంకేతం అంతంతమాత్రంగా సాగుతుంటుంది, ఒళ్లు అర డిగ్రీ వేడెక్కినా అది ఆగిపోవచ్చు. స్కానింగులు రాకముందు డాక్టర్లు రోగిని వేడినీటి తొట్టిలో కూర్చోబెట్టి, లక్షణాలు పెరుగుతున్నాయా అని చూసి జబ్బును అనుమానించేవారు. నెల్లూరులో ఆ తొట్టి అక్కర్లేదు. రోహిణి కార్తెలో దర్గామిట్ట పెద్దాసుపత్రి దాకా ఆటోలో వస్తే చాలు. ఉదయం ఏడింటికి చేతికర్ర లేకుండా నడిచినవాళ్లు పన్నెండున్నరకు గోడ పట్టుకుంటారు. చలికాలం పొద్దున స్లాటు పడితే అదే మనిషికి అదే వైద్యుల బోర్డు ఇంకో అంకె వేయొచ్చు.

అధికారుల వాదన కూడా ఉంది. దొంగ ధ్రువపత్రాలతో పింఛను తీసుకునేవాళ్లను ఏరకపోతే అసలైనవాళ్లకు అన్యాయం జరుగుతుందని, 2024 జులై నుంచి నెల పింఛను 3,000 నుంచి 6,000 రూపాయలకు, మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన పక్షవాత, తీవ్ర కండరాల క్షీణత బాధితులకు 15,000కు పెరిగింది కాబట్టి తనిఖీ తప్పదని అంటారు. తనిఖీ అవసరాన్ని ఎవరూ కాదనడం లేదు. పూటపూటకూ మారే జబ్బును ఒక్క పూటలో కొలిచి తీర్పు ఇవ్వడం మీదే అభ్యంతరం. పెరిగిన పింఛన్ల జాబితాలో ఎంఎస్ అన్న పేరు విడిగా లేకపోవడం, ఉద్యోగాల రిజర్వేషన్లు చెప్పే 34వ సెక్షన్‌లోనూ ఆ పేరు కనిపించకపోవడం ఈ అభ్యంతరానికి బలమిస్తున్నాయి. 21 వైకల్యాల జాబితాలో చోటిచ్చిన చట్టమే ఉద్యోగాల్లో నాలుగు శాతం పంచేటప్పుడు ఈ జబ్బును పక్కన పెట్టింది. కాబట్టి మళ్లీ పాత కాలంలోలాగే 'శారీరక వైకల్యం' తలుపే తట్టాలి.

ఇలాంటి చోట రోగులు కూడే సమావేశాల విలువ తెలియాలంటే మనుషుల సంఖ్య చూడాలి. మంగళూరు నగరంలో జరిగిన అధ్యయనం లక్ష మందికి సుమారు 8 మంది ఎంఎస్ రోగులని చెప్పింది. ఆ నిష్పత్తే ఇక్కడా ఉందనుకుంటే, 2011 జనాభా లెక్కల్లో 29 లక్షలు దాటిన పాత నెల్లూరు జిల్లాకు 240 మంది చుట్టుపక్కల వస్తారు. ఉదయగిరిలో ఒకరు, కావలిలో ఇద్దరు, సూళ్లూరుపేటలో ఒకరు. పక్క ఊళ్లో ఇదే జబ్బుతో ఇంకొకరున్నారని తెలియకుండానే ఏళ్లు గడిచిపోతాయి. అందుకే మొన్నమొన్నటి దాకా తోడు అంటే చెన్నై బండి ఎక్కడమే. చెన్నై శాఖ దగ్గరకో వెల్లూరు ఆసుపత్రికో వెళ్లినప్పుడు వరండాలో పరిచయమైనవాళ్ల ఫోన్ నంబర్లే సంఘం.

జిల్లాలోనే కూడాలంటే ముందు వేళ కుదరాలి. మార్చి నుంచి జూన్ దాకా ఉదయం ఏడు నుంచి తొమ్మిది లోపు ముగించాలి. చాలామందికి సాయంత్రానికి అలసట ముదురుతుంది కాబట్టి సాయంత్రాలు పనికిరావు. ప్రపంచ ఎంఎస్ దినం మే 30న, అంటే సరిగ్గా రోహిణి కార్తెలో వస్తుంది. ఆ రోజు నెల్లూరు ట్రంక్ రోడ్డు మీద పదింటికి ర్యాలీ పెట్టడం రోగులను శిక్షించడమే. తెల్లవారుజామున కూడడమో, ఏసీ హాల్లో కూర్చుని మాట్లాడుకోవడమో మేలు. హాలు కింది అంతస్తులో ఉండాలి, కుర్చీలకు చేతులుండాలి, కమోడ్ ఉన్న మరుగుదొడ్డి 20 అడుగుల లోపు ఉండాలి. ఈ చివరిది లేకపోతే మిగతావన్నీ వృథా. దూరం నుంచి బస్సులో వచ్చేవాళ్లు దారిలో ఇబ్బంది పడతామని ముందు రాత్రి నుంచే నీళ్లు మానేస్తారు. మూత్రం చిక్కబడి మంట పుడుతుంది, ఇన్‌ఫెక్షన్ వస్తుంది, జ్వరంతో ఒళ్లు వేడెక్కి పాత లక్షణాలన్నీ తిరగబెడతాయి. చూసినవాళ్లు కొత్త ఎటాక్ అనుకుంటారు. జ్వరమూ ఇన్‌ఫెక్షనూ లేకుండా 24 గంటలకు మించి లక్షణం నిలిస్తేనే దాన్ని ఎటాక్‌గా లెక్కిస్తారు. అది తేల్చకుండా స్టెరాయిడ్ సెలైన్ ఎక్కిస్తే ఇన్‌ఫెక్షన్ ఇంకా ముదురుతుంది. అందుకే సమావేశంలో మొదటి పని థర్మామీటరు పెట్టడం.

వ్యాయామానికి కొలత ఉంది. ఒక మోస్తరు స్థాయి ఎంఎస్ ఉన్న పెద్దలకు వారానికి రెండు రోజులు 30 నిమిషాల మధ్యస్థ శ్రమ, రెండు రోజులు కండబలం పెంచే కసరత్తులు అన్నది అంగీకరించిన మోతాదు. 30 నిమిషాలు ఏకబిగిన చేయనక్కర్లేదు, పది నిమిషాల చొప్పున విడగొట్టి మధ్యలో కూర్చోవచ్చు. కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని మడమలు ఎత్తడం, పిక్కను సాగదీసి 30 సెకన్లు ఆపడం, ఇవి మూడూ ఇంట్లోనూ కుదురుతాయి. మొదలుపెట్టే ముందు చల్లటి నీళ్లు తాగి, తడి తువ్వాలు మెడకు చుట్టుకుంటే ఎక్కువసేపు చేయగలుగుతారు. కసరత్తు తర్వాత కాళ్లు బరువెక్కి, అరగంటలో తేరుకుంటే భయం లేదు. మర్నాటికీ తగ్గకపోతే మోతాదు ఎక్కువైందని అర్థం. ఎంఎస్‌కు ఇంటర్‌ఫెరాన్ సూదులు వాడేవాళ్లు మందు వెంట తెస్తే 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఐసు ముక్కకు నేరుగా తగిలి గడ్డకట్టిన సూదిని పారేయాల్సిందే, కాబట్టి మధ్యలో గుడ్డ మడతపెట్టాలి.

ఇదంతా చేయగలవాళ్లు దివ్యాంగులేనా అన్న ప్రశ్నకు, ఎంఎస్‌లో వైకల్య తీవ్రతను చెప్పడానికి ప్రపంచమంతటా నరాల డాక్టర్లు వాడే ఈడీఎస్ఎస్ కొలతలోనే జవాబుంది. అందులో సున్నా నుంచి పది దాకా అంకెలుంటాయి. అంకె 5 దగ్గర మనిషి ఊతం లేకుండా, ఆగకుండా సుమారు 200 మీటర్లు నడుస్తాడు, అయినా పూర్తి రోజు పని చేసుకోలేడని ఆ కొలతే చెబుతుంది. అంకె 6కు చేతికర్రతో 100 మీటర్లు. అంటే క్యాంపు గేటు నుంచి బల్ల దాకా నడిచి రావడం, కుర్చీలోంచి పదిసార్లు లేవడం వైకల్యం లేదనడానికి రుజువులు కావు. వ్యాయామం మానేస్తే పోయేది ఆ మిగిలిన 200 మీటర్లే.

ఈ పరిస్థితుల్లో సమావేశాలు మాటామంతీతో, కసరత్తుతో ఆగకుండా రికార్డు పనిని కూడా తీసుకోవాలి. పెద్ద ఖర్చేమీ లేదు. నేల మీద 25 అడుగుల గీత గీసి, జారిపడకుండా వీలైనంత వేగంగా నడిపించి, స్టాప్‌వాచ్‌తో సెకన్లు రాయాలి. వెంటనే ఇంకోసారి నడిపించి సగటు తీయాలి. పాత అంకెకంటే 20 శాతం మందగిస్తే దాన్ని నిజమైన మార్పుగా డాక్టర్లు పట్టించుకుంటారు. పక్కనే తేదీ, వేళ, గది ఉష్ణోగ్రత, ఊతకర్ర వాడారా లేదా అన్నవి ఉండాలి. వీలైనవాళ్లు ఇంట్లో మధ్యాహ్నం కూడా ఒకసారి కొలిపించుకుని రాస్తే, ఆ రెండు అంకెల మధ్య తేడా బోర్డు ముందు నోటిమాటకంటే బలంగా నిలుస్తుంది. ఫిజియోథెరపిస్టు ఎదురుగా కొలిచి సంతకం పెడితే ఇంకా మంచిది.

నోటీసు అందినవాళ్లు దాని మీద రాసిన గడువులోపే మండలంలో ఎంపీడీవోకు, పట్టణంలో మున్సిపల్ కమిషనర్‌కు అప్పీలు ఇవ్వాలి. ధ్రువపత్రం మీదే అభ్యంతరమైతే చట్టంలోని 59వ సెక్షన్ అప్పీలుకు హక్కు ఇస్తోంది. ఎంఆర్‌ఐ రిపోర్టు ఒక్కటే జత చేస్తే ఉపయోగం తక్కువ, ఎందుకంటే బోర్డు కొలిచేది మచ్చలను కాదు. నరాల డాక్టరు చేత ఈడీఎస్ఎస్ అంకెను తేదీతో సహా రాయించుకోవాలి. చూపు తగ్గి ఉంటే కంటి డాక్టరు రిపోర్టు, మూత్ర సమస్య ఉంటే దానికి వాడుతున్న మందుల చీటీ, గత రెండేళ్లలో వచ్చిన ఎటాక్‌ల డిశ్చార్జి కాగితాలు వరుసగా పెట్టాలి. ఏ లోపాన్ని ఏ డాక్టరు చూడాలో దరఖాస్తులోనే విడివిడిగా అడగాలి, లేకపోతే మళ్లీ ఎముకల డాక్టరు గది ఒక్కటే చూపిస్తారు. పాత ధ్రువపత్రం మీద 'తాత్కాలికం' అని ఉంటే గడువు ముగియకముందే కొత్త సదరం స్లాటుకు పేరు రాయించుకోవాలి. ఒంగోలు రిమ్స్‌లోనైనా నెల్లూరులోనైనా స్లాటు రోజున ఎండలో వరుస తప్పదు. కూర్చోవడానికి మడత కుర్చీ, తడి తువ్వాలు, నీళ్ల సీసా, తోడు ఒక మనిషి ఉండాలి. రోజూ వాడే చేతికర్రనో వాకర్‌నో ఆ రోజు మొహమాటపడి ఇంట్లో వదిలేసి వెళ్లకూడదు.