పదిహేను శాతం: 2004లో ఆగిన లెక్క

ఉద్యోగ నోటిఫికేషన్ పడిందంటే చాలు, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అదే గొడవ మళ్లీ మొదలవుతోంది. ఏ ఖాళీ ఎవరికో వరసగా చెప్పే పట్టిక, అంటే రోస్టర్‌లో, ఏ ఎస్సీ పాయింటు ఏ గ్రూపుది? మాదిగ దండోరా ఉద్యమం ఎలా పుట్టిందో, పాదయాత్రలు ఎన్ని జరిగాయో అందరికీ తెలుసు కాబట్టి అవి వదిలేద్దాం. ఇవాళ్టి తగాదా అర్థం కావాలంటే 2004 నవంబర్ 5 దగ్గర ఆగాలి.

అప్పటికి ఉమ్మడి రాష్ట్రంలో వర్గీకరణ, అంటే ఎస్సీ కోటాను కులాల గ్రూపులకు విడివిడిగా పంచడం, అమల్లోనే ఉంది. జస్టిస్ రామచంద్రరాజు కమిషన్ నివేదిక తర్వాత ఎస్సీల 15 శాతం రిజర్వేషన్‌ను నాలుగు వాటాలు చేశారు. రెల్లి తదితరులకు 1, మాదిగ, దాని ఉపకులాలకు 7, మాల వర్గానికి 6, ఆది ఆంధ్రులకు 1. జాతీయ ఎస్సీ, ఎస్టీ కమిషన్‌ను సంప్రదించలేదని 1997 నాటి జీవోను హైకోర్టు కొట్టేస్తే, 2000లో ఏకంగా చట్టమే తెచ్చారు. ఈసారి హైకోర్టులో ఐదుగురు జడ్జీల్లో నలుగురు సరేనన్నారు.

ఆ నవంబర్ 5న చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. ఎవరికి ఎన్ని ఉద్యోగాలు దక్కాయన్న లెక్కను బట్టి వచ్చిన తీర్పు కాదది. దానికి ఆధారం, ఎస్సీ కులాల జాబితాను రాష్ట్రపతి ప్రకటించాలనే రాజ్యాంగం 341వ అధికరణం. రాష్ట్రపతి జాబితాలోకి ఎక్కాక ఆ కులాలన్నీ ఒకే వర్గం, విడదీసే అధికారం అసెంబ్లీకి లేదు, అంతే. జాబితాను ముట్టుకోలేదు, ఉన్న వాటానే పంచుతున్నాం అని రాష్ట్రం ఎంత చెప్పినా చెల్లలేదు.

అప్పటికే మనకు బీసీల్లో ఏ, బీ, సీ, డీ గ్రూపులు దశాబ్దాలుగా ఉన్నాయి. 1992 నాటి మండల్ తీర్పులో జస్టిస్ జీవన్‌రెడ్డి మన ఊళ్ల ఉదాహరణే ఇచ్చారు: స్వర్ణకారులనూ, రాళ్లు కొట్టే వడ్డెరలనూ ఒకే గాటన కడితే సీట్లన్నీ మొదటివాళ్లే పట్టుకుపోతారని. ఆ తర్కం ఎస్సీలకు వర్తించదని 2004 ధర్మాసనం తేల్చింది. ఒకే వాడలో పక్కపక్కనే ఉండి కూడా కలిసి భోజనానికి కూర్చోని కులాలు కాగితం మీద ఒక్కటైపోయాయి.

అది తప్పని సుప్రీంకోర్టే ఒప్పుకోవడానికి ఇరవై ఏళ్లు పట్టింది. పంజాబ్ నుంచి వచ్చిన దవీందర్ సింగ్ కేసులో 2024 ఆగస్టు 1న ఏడుగురిలో ఆరుగురు వర్గీకరణ చెల్లుతుందన్నారు. జస్టిస్ బేలా త్రివేది ఒక్కరే విభేదించారు. అయితే మెజారిటీ తీర్పు ఒక మెలిక పెట్టింది: వెనకబాటుకీ, ప్రాతినిధ్యం తక్కువకీ రాష్ట్రం ఆధారాలు చూపాలి.

చూపాల్సిన ఆధారం దగ్గరే చిక్కు. 2021 జనగణన జరగలేదు. తెలంగాణలో షమీమ్ అక్తర్ కమిషన్ అయినా, ఆంధ్రలో రాజీవ్ రంజన్ మిశ్రా కమిషన్ అయినా జనాభా కోసం 2011 అంకెలే పట్టుకోవాల్సి వచ్చింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో 1, 9, 5 శాతాల మూడు గ్రూపులు వచ్చాయి. 2011 లెక్కన ఎస్సీల్లో రెండో గ్రూపు (మాదిగలు తదితరులు) జనం దాదాపు 63 శాతం, మూడోది (మాలలు తదితరులు) 34 శాతం. పదిహేనులో తొమ్మిది, అయిదు దాదాపు వాటికి సరిపోతాయి. పాత లెక్కలతో కొత్త వాటాలేమిటని, ఐక్యత దెబ్బతింటుందని మాల సంఘాలు అంటున్నాయి. మొదటి అభ్యంతరంలో పస ఉంది. మధ్యలో వర్గీకరణే ఆగకపోతే, ఎవరి వాటా ఎటు పోయిందో చెప్పే ఇరవై ఏళ్ల నియామకాల రికార్డు ఈపాటికి చేతిలో ఉండేది.

ఆంధ్రలో వాటాలు రెల్లి గ్రూపుకు 1, మాదిగ గ్రూపుకు 6.5, మాల గ్రూపుకు 7.5. వంద పాయింట్ల రోస్టర్‌లో అర పాయింటు ఎక్కడ పెడతారు? అందుకే దాన్ని 200కి సాగదీశారు: 2, 13, 15. శాతాలు బాగానే ఉన్నాయి. కానీ ఒక శాఖలో పడేది ఏడెనిమిది పోస్టులైతే, 200వ గడి దాకా వెళ్లేసరికి అభ్యర్థి వయోపరిమితి దాటిపోతుంది. అందుకే గొడవంతా ముందు వరసలో ఎవరి గడి ఉందన్నదాని మీదే.