సంచీ మోసేవాడు చెప్పకూడని మాట

చిన్నీకి, బుజ్జిగాడికి తాతయ్య ఆశీస్సులు.

నాన్న షాంఘై వెళ్ళినప్పుడు వాట్సాప్ కాల్ ఎందుకు కలవలేదని చిన్నీ అడిగింది కదా, ఫోన్లో చెప్తే సగంలో మీ అమ్మ స్నానానికి పిలుస్తుంది, అందుకే రాస్తున్నా.

అక్కడ చైనా ప్రభుత్వం ఆపేసిందమ్మా, గూగుల్, ఫేస్‌బుక్ కూడా అంతే. కానీ నాకు ప్రభుత్వం ఆపేసిన కంపెనీల కంటే, అది అడిగింది ఇచ్చేసిన కంపెనీ గురించే బెంగ. చాంగ్షా అనే ఊళ్ళో షి తావో అని ఒక పత్రికాయన ఉండేవాడు. 1989లో బీజింగ్‌లో సైన్యం జనం మీద కాల్పులు జరిపింది, 2004లో దానికి 15 ఏళ్ళు నిండుతున్నాయని ఏం రాయాలో ఏం రాయకూడదో పత్రికలకి పైనుంచి ఆర్డర్ వచ్చింది. ఈయన ఆ సంగతి తన యాహూ మెయిల్ నుంచి (యాహూ అంటే గూగుల్ లాంటిదే ఇంకో అమెరికా కంపెనీ) అమెరికాలో ఒక వెబ్‌సైట్‌కి పంపాడు, పోలీసులు అడిగారు, యాహూ వివరాలిచ్చేసింది. 2005లో 10 ఏళ్ళ జైలు వేశారు.

మా చిన్నప్పుడు ఊళ్ళో పోస్టుమ్యానే చదువురాని వాళ్ళకి ఉత్తరాలు చదివి పెట్టేవాడు, సైకిల్ బెల్లు వినపడితే చాలు మేం గోళీలు వదిలేసి వెనక పరిగెత్తేవాళ్ళం, ఒక్కోసారి క్యారియర్ మీద ఎక్కించుకునేవాడు, సంచీ నుంచి లక్క వాసన వచ్చేది. ఓసారి మునసబు గారు ఆపి ఫలానా వాళ్ళకి ఏం రాశారోయ్ అనడిగితే "చదవగానే మర్చిపోతానండయ్యా" అన్నాడు. ఎవరి కూతురికి ఎన్నో నెలో కూడా గుర్తుండే మనిషి!

యాహూ కూడా పోస్టుమ్యానే కదరా. అయితే మునసబు "సైకిల్ లాక్కుంటా, నీ కొడుకుని చావడిలో కూర్చోబెడతా" అంటే ఏం చేస్తాడు? యాహూ అన్నదీ అదే, అక్కడి చట్టం వినకపోతే మా ఉద్యోగులు జైలుకెళ్తారని. అబద్ధం కాదది. మరి ఆ ఊళ్ళో సంచీ తెరిచే ముందు ఆలోచించొద్దూ? 2006లో గూగుల్ చైనాలో ప్రభుత్వానికి నచ్చనివి కనపడకుండా కోసేసిన సెర్చ్ మొదలెట్టింది, అది నాకు నచ్చలేదు, కానీ జీమెయిల్ మాత్రం అక్కడ పెట్టలేదు, అడిగితే ఇవ్వాల్సొస్తుందని. ఆ ఒక్క పని మెచ్చుకుంటా. సెర్చ్ కూడా 2010లో హాంకాంగ్‌కి మార్చేసింది. ఆపిల్ మాత్రం 2018లో అక్కడి వాళ్ళ ఐక్లౌడ్ డేటా, అంటే ఫోన్లోంచి దాచుకునే ఫోటోలూ అవీ, అంతా గుయ్‌జౌలో ఒక ప్రభుత్వ కంపెనీ చేతిలో పెట్టింది. సంచీ మునసబు గారి అరుగు మీద పెట్టి తాళంచెవి నా దగ్గరే ఉందన్నట్టు... సరే, ఆ మునసబుని ఇక వదిలేస్తా.

2007లో అమెరికా పార్లమెంటులో యాహూ పెద్ద జెర్రీ యాంగ్‌ని పిలిచి నిలదీశారు. టామ్ లాంటోస్ అని హిట్లర్ కాలంలో చావు తప్పించుకుని వచ్చిన ముసలాయన, డబ్బులో టెక్నాలజీలో మీరు మహాకాయులు, నీతిలో మరుగుజ్జులు అన్నాడు. వెనక షి తావో తల్లి కూర్చునుంది, యాంగ్ తిరిగి ఆవిడకి వంగి దండం పెట్టాడు. కొడుకు మాత్రం 2013లో గానీ బయటికి రాలేదు.

ఇప్పుడు మీకో పని. గూగుల్ ట్రాన్స్‌పరెన్సీ రిపోర్ట్ అని వెతకండి, ఏ ప్రభుత్వం ఎంతమంది వివరాలు అడిగిందో ఉంటుంది. పక్క దేశాల లెక్క చూసి ఆపేయకుండా ఇండియా లైన్ కూడా చూసి ఆదివారం నాకు చదివి వినిపించండి, అంత చిన్న అక్షరాలు నా కళ్ళజోడుకి ఆనవు.

మీ తాతయ్య